ఇంటికప్పుపై నాచు: నీటికి దారి చూపడమే అసలైన చికిత్స

వైశాఖమాసపు ఎండలు ముదిరిన వేళ గృహస్థులకు ఇంటికప్పు గుర్తుకు రాదు. మృగశిర కార్తె ప్రవేశించి, నాలుగు వానలు పడి, పడకగది పైకప్పున తడిమచ్చ కనిపించిన తరువాతనే అందరి చూపులూ పైకి పోతాయి. అప్పటికి చేయగలిగినది స్వల్పం. తడిసిన కప్పుపై మరమ్మతు నిలువదు; పాకుడు పట్టిన మేడపై మనిషి నిలువలేడు. కావున ఎండలు కాస్తూ ఉండగానే ఈ విషయమై భక్తులతో నాలుగు మాటలు పంచుకోదలచాను.

ఇంజనీరుగా నా ఉద్యోగజీవితంలో అధికభాగం సత్రాలు, కల్యాణమండపాలు, అర్చకుల గృహాలు, పాఠశాలలు మొదలైన భవనాల నిర్మాణంలోను, మరమ్మతులలోను గడిచింది. యాత్రకు వచ్చిన భక్తులు సత్రం మేడపై నల్లని చారలు చూసి, “మా ఇంట కూడా ఇట్లే ఉన్నది, ఏ మందు చల్లాలి?” అని అడుగుతూ ఉంటారు. మందు పేరు చెప్పడం సులభమే. అయితే నాచును రోగమని భావించి మందు వేయడం కన్నా, దానిని ఒక సాక్షిగా గ్రహించడం మేలు. నీరు పోవలసిన చోటినుండి పోక నిలిచిపోయిందని చెప్పే సాక్షి అది. సాక్షిని తొలగించినంత మాత్రాన నీరు తొలగిపోదు. ఈ వ్యాసంలో చెప్పదలచిన సారాంశం ఇదే.

పాకుడు, నాచు, రాతిపువ్వు

మనం వాడుకలో నాచు, పాచి, పాకుడు అనే మాటలను ఇంచుమించు ఒకే అర్థంలో వాడుతాము. కప్పుపై పెరిగేవి మాత్రం మూడు తెగలకు చెందినవి.

మొదటిది పాకుడు. ఇది కంటికి విడివిడిగా కనిపించని సూక్ష్మజీవుల పొర. తడిగా ఉన్నప్పుడు పచ్చగా, జిగటగా ఉంటుంది. సిమెంటు పిట్టగోడలపై పైనుండి క్రిందికి జారిన నల్లని చారలను చాలామంది దుమ్మనో, పొగ మసి అనో అనుకొంటారు. అవి కూడా అధికభాగం ఈ జాతివే. తీవ్రమైన ఎండను తట్టుకొనడానికి ఈ సూక్ష్మజీవులు తమ చుట్టూ ముదురురంగు పదార్థాన్ని ఏర్పరచుకొంటాయి. వేసవిలో ఎండి పెచ్చువలె కనిపించినా అవి చనిపోవు. తొలివాన తడి తగలగానే మరల జీవం పుంజుకొంటాయి.

రెండవది అసలైన నాచు. ముఖమలు గుడ్డ పరచినట్లు మెత్తగా, దట్టంగా ఉండే చిన్న మొక్క ఇది. దీనికి నిజమైన వేళ్లు లేవు. పట్టుకొని ఉండడానికి సన్నని నూలుపోగుల వంటివి మాత్రం ఉంటాయి. పువ్వు, కాయ, విత్తనం లేవు. ధూళికన్నా సన్నని బీజాలు గాలిలో ఎగిరివచ్చి తడి ఉన్న చోట మొలుస్తాయి. తన బరువుకు అనేకరెట్లు నీటిని ఇది పీల్చి నిలుపుకొంటుంది. కప్పుకు చెరుపు కలిగించేది ఈ గుణమే.

మూడవది రాయిని అంటిపెట్టుకొని బూడిదరంగులోనో, పసుపురంగులోనో గుండ్రని మచ్చలుగా పెరిగేది. ఇది ఒక శిలీంధ్రమూ, ఒక సూక్ష్మశైవలమూ కలిసి కాపురం చేసే విచిత్రమైన జీవి. మన వంటింట మసాలా దినుసులలో వాడే రాతిపువ్వు ఈ జాతిదే. ఇది మిక్కిలి నెమ్మదిగా పెరుగుతుంది. ఉపరితలాన్ని మిక్కిలి గట్టిగా పట్టుకొంటుంది. బలవంతంగా గీకితే తనతోపాటు రాతిపొరను కూడా ఊడదీస్తుంది.

ఏ చోట పుడుతుంది?

నాచుకు కావలసినవి మూడు: తడి, నీడ, గరుకైన ఆధారం. ఈ మూడూ కలిసిన చోటనే అది పుడుతుంది. అందువలన మన ప్రాంతపు ఇండ్లలో ఉత్తరపు వాలుపైన, కొబ్బరి, మామిడి చెట్ల నీడ పడే మూలలలో, నీళ్లతొట్టి క్రింద, పిట్టగోడ మొదట్లో, తూము చుట్టూ ముందుగా కనిపిస్తుంది. కోనసీమ వంటి కాలువల ప్రాంతాలలోను, సముద్రతీర గ్రామాలలోను గాలిలోనే తేమ అధికం. నైరృతి ఋతుపవనం ముగిసిన వెంటనే ఈశాన్య ఋతుపవనపు వానలు ఆరంభమవుతాయి. అందుచేత అక్కడ కప్పు ఆరే అవకాశం తక్కువ. తెలంగాణలోను, రాయలసీమలోను గాలి పొడిగా ఉన్నా, వాలు సరిగా లేని మేడలపై అదే దృశ్యం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక సులభమైన పరీక్ష చెప్పదలచాను. నడివేసవిలో మేడపైకి వెళ్లి చూడండి. కప్పు అంతా ఎండి నల్లబారి ఉండగా ఏ ఒక్క మూలనో పాకుడు పచ్చగా ఉంటే దానికి కారణం వాన కాదు. నీళ్లతొట్టి పొంగిపొరలుతూ ఉండవచ్చు. గొట్టపు అతుకు కారుతూ ఉండవచ్చు. ఏసీ యంత్రపు నీరు అక్కడ పడుతూ ఉండవచ్చు. వేసవిలోని పచ్చదనం ఇంటివారి నీరు. వానకాలపు పచ్చదనం మేఘపు నీరు. మొదటిదానిని ఆపాలి, రెండవదానికి దారి చూపాలి.

ఒక పుణ్యక్షేత్రంలోని సత్రంలో యాత్రికులు నిద్రించే గది పైకప్పునుండి సిమెంటు పెచ్చులు రాలుతున్నవని నన్ను పిలిపించారు. అప్పటికి కొద్ది సంవత్సరాలలోనే రెండుసార్లు పైన నీరు దిగని పూత వేయించారట. నేను వెళ్లినది ఏప్రిల్ మాసంలో. గది పైభాగాన నీళ్లతొట్టి పక్కన రెండు మూరల మేర ముఖమలువంటి నాచు పచ్చగా ఉంది. తొట్టిలోని బంతికవాటం చెడిపోయి ప్రతి తెల్లవారుజామున నీరు పొరలుతున్నది. ఆ నీరు పోవలసిన తూము రావి ఆకులతో పూడుకొని ఉన్నది. బంతికవాటం మార్చి, తూము శుభ్రపరచి, రాలిన పెచ్చుల చోట తుప్పుపట్టిన ఇనుమును బాగుచేసి పూత పూయించిన తరువాత తడి మరల కనిపించలేదు. పూతకు రెండుసార్లు వెచ్చించిన ధనంతో పోల్చితే ఆ బంతికవాటపు వెల ఎన్నదగినది కాదు.

నాచు వలన కలిగే హాని

హానిని పెంచి చెప్పడం నా అభిమతం కాదు. బలమైన కాంక్రీటు కప్పుపై పలుచని పాకుడుపొర ఒక్క సంవత్సరంలో భవనాన్ని కూల్చదు. పెరటిగోడపైనో, బావిగట్టుపైనో ఉన్న నాచును తొలగించవలసిన అవసరమే లేదు. అయితే కప్పు విషయంలో నాలుగు సంగతులు తెలియవలెను.

మొదటిది మనుషుల క్షేమం. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని సామెత. మేడమీద పాకుడుపై జారిన కాలు విషయంలో మాత్రం ఈ సామెత చెల్లదు. వడియాలు పెట్టడానికో, ఆరవేసిన బట్టలు తీయడానికో మేడ ఎక్కిన పెద్దవారు జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడిన ఇండ్లు నాకు తెలుసు. ఆ వయసులో విరిగిన తుంటి ఎముక మనిషి స్వాతంత్ర్యాన్నే హరిస్తుంది. నాచు తొలగించడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కరలేదు.

రెండవది ఇనుము. నాచు తేమను నిలిపిన చోట, కాంక్రీటులో సన్నని బీటలు ఉంటే, తడి నెమ్మదిగా లోపలి ఇనుపకమ్మీని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము తనకన్నా ఎక్కువ చోటును ఆక్రమించి కాంక్రీటును లోపలినుండి పగులగొడుతుంది. గది పైకప్పునుండి పెచ్చులు రాలడమంటే ఈ వ్యాధి ముదిరినదని అర్థం.

మూడవది పెంకుటిండ్ల సంగతి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల కర్మాగారం ఆరంభించిన తరువాత, యంత్రంపై అచ్చుపోసిన ఆ పెంకులు దక్షిణదేశమంతటా వ్యాపించాయి. గోదావరి మండలాలలోని మండువా లోగిళ్లపై నేటికీ పెంకుటి కప్పులు చూడవచ్చు. పెంకుల రక్షణ అంతా వాటి అతుకులలో ఉన్నది. పై పెంకు అంచు క్రింది పెంకుపై కూర్చుంటుంది, నీరు జారిపోతుంది. ఆ అతుకులో నాచు దిండువలె పెరిగితే నీటిని ఆపి వెనుకకు మళ్లిస్తుంది. ఆ నీరు క్రింది వాసాలపై పడుతుంది. తడిసిన కర్ర పుచ్చుతుంది. పుచ్చిన కర్రకు చెదలు చేరుతాయి.

నాలుగవది బరువు, వేడి. వెయ్యి చదరపు అడుగుల మేడపై ఒక్క సెంటీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సుమారు 930 లీటర్లు, అనగా 930 కిలోల బరువు. ఇక తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది, పాకుడుతో నల్లబడిన కప్పు వేడిని పీల్చుకొంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. తెల్లని పూత వేసినవారు దానిని శుభ్రంగా ఉంచకపోతే ఆ ప్రయోజనం క్రమంగా తగ్గిపోతుంది.

శుభ్రపరచు విధానం

నాచును ఎండినప్పుడు తొలగించాలి. తడి నాచు జిగటగా అంటుకొంటుంది. ఎండిన నాచు చీపురు తగిలినంతనే ఊడివస్తుంది. చైత్ర, వైశాఖ మాసాలు దీనికి ఉత్తమం. వానలు పూర్తిగా వెనుదీసిన తరువాత మార్గశిర, పుష్యమాసాలు మధ్యమం. ఉదయపు మంచు ఆరిన తరువాత, ఎండ తీవ్రం కాకముందు పని ముగించడం మేలు.

మేడ ఎక్కేవారు ఒంటరిగా ఎక్కరాదు. విద్యుత్తు తీగ కప్పుకు దగ్గరగా పోతూ ఉంటే ముందుగా విద్యుత్ శాఖవారికి తెలిపి సరఫరా నిలిపించాలి. పెంకుటి కప్పుపై నేరుగా కాలు మోపరాదు. వాసాలపై బరువు పడేటట్లు అడ్డంగా పలకనో, నిచ్చెననో పరచి దానిపైనుండి పని చేయాలి. ఈ పనికి అలవాటుపడినవారిని పిలిపించడమే ఉత్తమం. కూలి మిగులుతుందని అలవాటు లేనివారిని ఎక్కించడం ధర్మం కాదు.

సిమెంటు రేకుల కప్పు ఉన్నవారు ప్రత్యేకంగా గమనించాలి. పాత రేకులలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. వాటిని పొడిగా గీకినా, బలమైన నీటిధారతో కొట్టినా ఆ నార గాలిలో కలిసి ఊపిరితిత్తులను చేరుతుంది. అది ప్రాణాపాయకరమైన వ్యాధులకు హేతువు. పైగా ఈ రేకులు మనిషి బరువుకు ఒక్కసారిగా విరుగుతాయి. వాటిపైని నాచును కదపక వదలివేసి, రేకులు శిథిలమైనప్పుడు మార్పించడమే క్షేమం.

కాంక్రీటు మేడపై ముందుగా ఆకులు, దుమ్ము ఊడ్చి ఎత్తివేయాలి. తరువాత కర్రపలకతోనో, ప్లాస్టిక్ పలకతోనో నాచును లేపి, పుల్లల చీపురుతోనో గట్టి పీచుకుంచెతోనో రుద్దాలి. ఇనుపతీగల కుంచె వాడరాదు. అది ఉపరితలాన్ని గీచి వచ్చే సంవత్సరపు నాచుకు చక్కని మడిని సిద్ధం చేస్తుంది. పెంకులపై ఎల్లప్పుడూ పైనుండి చూరువైపునకు రుద్దాలి. క్రిందినుండి పైకి రుద్దితే చెత్త అతుకులలో ఇరుక్కొంటుంది. ఊడ్చిన నాచును తూములలోకి తోయక, గోతాములకు ఎత్తి చెట్ల పాదులలో వేయవచ్చు.

అంతటితో కంటికి కనిపించేది పోతుంది. కనిపించని పొర మిగులుతుంది. కాంక్రీటు మేడకైతే బ్లీచింగ్ పౌడరు చాలును. మంచి పౌడరు లీటరు నీటికి సుమారు 30 గ్రాములు కలిపి, కొంతసేపు ఉంచి, పైన తేరిన నీటిని వడగట్టి వాడాలి. కప్పు తడిసేటట్లు పోసి, 15 నుండి 20 నిమిషాలు ఉంచి, కుంచెతో రుద్ది, మంచినీటితో సమృద్ధిగా కడగాలి. ఈ పని చేసేటప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు, అడుగు జారని చెప్పులు తప్పనిసరి. పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి. తులసికోటను, పూలమొక్కలను ముందుగా నీటితో తడిపి, కప్పి ఉంచాలి. ఇనుపరేకులపై దీనిని వాడరాదు, లోహం తుప్పుపడుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. బ్లీచింగ్ ద్రావణాన్ని మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో గాని, అమ్మోనియాతో గాని ఎన్నడూ కలపరాదు. రెండు మందులు కలిస్తే బలం రెట్టింపవుతుందని కొందరి భ్రమ. వాటినుండి వెలువడేది విషవాయువు.

వాననీటిని తొట్టిలోనికో, బావిలోనికో మళ్లించుకొన్నవారు కప్పు కడిగే ముందు ఆ గొట్టాన్ని విడదీయాలి. తొలకరిలో మొదటి రెండు మూడు వానల నీటిని కూడా బయటికే వదలి, ఆ తరువాత గొట్టాన్ని కలుపుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల కప్పుపై ఏడాదికి ఒక మీటరు వాన కురిస్తే దాదాపు 93,000 లీటర్ల నీరు లభిస్తుంది. అటువంటి ప్రసాదాన్ని మందునీటితో మలినం చేయరాదు.

చేయకూడని పనులు

యాసిడ్ పోసి కడగడం మన ఊళ్లలో ఎక్కువ. యాసిడ్ పోయగానే నురుగు వచ్చి మురికి పోయినట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ నురుగు సిమెంటు, సున్నం కరిగిపోవడం వలన వచ్చినది. మేడపై కడప బండలు గాని, తాండూరు బండలు గాని పరచినవారు దీనిని మరీ జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. ఆ రెండూ సున్నపురాతి జాతివే; యాసిడ్ వాటిని తినివేస్తుంది.

యంత్రపు బలమైన నీటిధారతో కడిగించడం నేటి పద్ధతి. చూచుటకు క్షణాలలో తెల్లబడుతుంది. పాత సిమెంటుపై ఆ ధార పైనున్న నున్నని పొరను చెక్కివేసి లోపలి ఇసుకను బయట పెడుతుంది. పెంకులపై ఆ ధార నీటిని అతుకుల క్రిందికి తోస్తుంది. వచ్చే సంవత్సరం నాచు మరింత దట్టంగా రావడం చూసి గృహస్థులు ఆశ్చర్యపడుతుంటారు.

మైలుతుత్తం నాచును చంపుతుందని రైతులకు తెలిసిన విషయమే. రాగి లవణాలకు ఆ గుణం ఉన్నది. రాగిరేకుపైనుండి జారిన నీరు పడే చోట నాచు తక్కువగా ఉండడం కూడా అందుకే. అయితే ఆ నీరు చేపలకు, చెరువులకు హానికరం. త్రాగునీరు పట్టే కప్పులపై దానిని వాడరాదు.

చివరిది, నాచును తొలగించకుండా దానిపైనే పెయింటు వేయించడం. అటువంటి పూత నాచుకు అంటుకొంటుందే గాని కప్పుకు అంటుకొనదు. ఒక్క వానకాలంలో పొరలుపొరలుగా లేచిపోతుంది.

నీటికి దారి

శుభ్రపరచిన తరువాతనే అసలు పని ఆరంభమవుతుంది. మేడపై నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. ఎటు పోతున్నది, ఎక్కడ ఆగుతున్నది, తూమును చేరడానికి ఎంతసేపు పడుతున్నది? వాన వెలిసిన మరునాటికి కూడా నీరు నిలిచి ఉన్న చోటుకు సుద్దతో గీత గీసి ఉంచుకోవాలి. మేడకు తూమువైపునకు పది అడుగుల దూరంలో అంగుళానికి తగ్గని వాలు ఉండాలి. గీత గీసిన పల్లాలను మేస్త్రీచేత సరిచేయిస్తే చాలును. మేడ అంతటినీ త్రవ్వించనక్కరలేదు.

తూములకు జాలీలు పెట్టించి, వానకాలంలో పక్షానికి ఒకసారి ఆకులు తీయాలి. పిట్టగోడ, కప్పు కలిసే చోట బీటలు ఉంటే పూడ్పించాలి. కప్పుపైకి వాలిన కొమ్మలను మితంగా కత్తిరిస్తే ఎండ, గాలి సోకి తడి త్వరగా ఆరుతుంది. చెట్టును కొట్టివేయవలసిన పని లేదు.

పూర్వకాలపు ఇండ్లు ఉన్నవారికి ఒక మాట. దూలాలపై ఇటుకలు పేర్చి, సున్నపు గచ్చుతో కట్టిన మిద్దెలు నేటికీ అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. సున్నపు గచ్చు తడిని కొంత పీల్చుకొని, ఎండలో మరల బయటికి వదలుతుంది. దానిపై సిమెంటు పొర వేస్తే లోపలి తడి బయటికి పోలేక దూలాలవైపు దిగుతుంది. సున్నపు కప్పుకు సున్నంతోనే మరమ్మతు చేయించాలి.

సున్నపు పూత

తరతరాలుగా మన పెద్దలు వేసవిలో మిద్దెకు సున్నం కొట్టించేవారు. అందులో శాస్త్రం ఉన్నది. తాజా సున్నం తీవ్రమైన క్షారగుణం కలది; దానిపై పాకుడు పెరుగదు. తెల్లదనం ఎండను తిప్పికొడుతుంది. సన్నని బీటలలోకి సున్నం దిగి వాటిని పూడుస్తుంది. కాలక్రమంలో గాలి సోకి ఆ క్షారగుణం తగ్గుతుంది గనుక ఏటేటా పూత వేయడం అవసరమైంది. ఖరీదైన పూతలు వేయించలేని గృహస్థులకు నేటికీ ఇదే అందుబాటులో ఉన్న ఉపాయం. సున్నపురాయి తడిపేటప్పుడు కుతకుత ఉడుకుతుంది; కంటిలో పడితే చూపునకే ప్రమాదం. పెద్దవారే ఆ పని చేయాలి.

రావిమొలక విషయం

నాచు పట్టిన చోట దుమ్ము నిలుస్తుంది; దుమ్ము నిలిచిన చోట పక్షులు విడిచిన విత్తనం మొలుస్తుంది. రావి, మర్రి, జువ్వి మొక్కలు కప్పులపై మొలిచేది ఈ విధంగానే. భక్తులలో చాలామంది రావిమొక్కను పెరకడం పాపమని జంకుతారు. ఆ భక్తిభావాన్ని నేను గౌరవిస్తాను. అయితే గోడలో పెరిగిన రావికి నిండు జీవితం లేదు, గోడకూ లేదు. రెండాకుల మొలకగా ఉన్నప్పుడే, వాన పడి నేల మెత్తబడిన రోజున, వేరుతో సహా మెల్లగా తీసి కుండీలో పెంచి, చెరువుగట్టుననో, ఆలయ ఆవరణకు దూరంగా విశాలమైన చోటనో నాటండి. మొక్కా బ్రతుకుతుంది, ఇల్లూ నిలుస్తుంది. ఆలస్యం చేస్తే వేరు ఇటుకల సందుల్లోకి దిగి, గోడ విప్పితే గాని బయటికి రాదు.

ఆలయ విమానముల సంగతి

గోపురంపైన, విమానంపైన నల్లని మరకలు చూసి శుభ్రం చేయించడానికి విరాళమిస్తామని ముందుకు వచ్చే దాతలున్నారు. వారి సంకల్పం ఉత్తమమైనది. ఇంటికి చెప్పిన పద్ధతులు మాత్రం ప్రాచీనమైన రాతికి వర్తించవు. ఇసుకను వేగంగా చిమ్మి రాయిని తెల్లబరచే పద్ధతి శిల్పాల ముఖరేఖలను, శాసనాల అక్షరాలను అరగదీస్తుంది. శాసనంలోని అక్షరపు లోతు చాలాచోట్ల మిక్కిలి స్వల్పం. ఒకసారి అరిగితే ఆ చరిత్ర మరల రాదు. బ్లీచింగ్ ద్రావణం రాతిలో లవణాలను మిగిల్చి పెచ్చులు లేపుతుంది. రంగుల పూత రాతిలోని తడిని బంధిస్తుంది.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా వాటిపై ఏ పనీ చేయరాదు. ఆ శాఖలో ఈ పనికై రసాయన నిపుణుల విభాగమే ఉన్నది. ఇతర ఆలయాలలో కూడా స్థపతులను, నిపుణులను సంప్రదించి, ఒక చిన్న భాగంపై పరీక్షించి చూసిన తరువాతనే ముందుకు పోవాలి.

పన్నెండేండ్లకు ఒకసారి మహాసంప్రోక్షణ, కుంభాభిషేకం జరిపే సంప్రదాయం ఉన్నది. ఆ సందర్భంలో విమానం పగుళ్లు పూడ్చి, మొలకలు తీసి, కప్పులు సరిచేస్తారు. పన్నెండేండ్ల నడుమ గడిచే పన్నెండు వానకాలాలను ఎవరు చూస్తారన్నదే ప్రశ్న. కొత్త మండపానికి దాతలు దొరుకుతారు. దాతల పేరు చెక్కిన శిలాఫలకం అక్కడ నిలుస్తుంది. ఏటా తూములు తీయించే కూలికి, రావిమొలకలు తొలగించే మనిషికి, కప్పు ఊడ్చే చీపురుకు దాతలు అరుదు. ఆ ఖర్చుకు శిలాఫలకం ఉండదు. కాని గర్భాలయంలోకి నీరు దిగకుండా కాపాడేది ఆ చిన్న ఖర్చే. విరాళమిచ్చేటప్పుడు “నిత్యనిర్వహణకు” అని ఒక్కమాట వ్రాసి ఇస్తే, అది జీర్ణోద్ధరణ కన్నా ముందే చేసిన జీర్ణనివారణ అవుతుంది.

సంవత్సరపు క్రమం

గృహస్థులు గుర్తుంచుకోవడానికి వీలుగా సంవత్సరపు క్రమాన్ని ఇక్కడ సంగ్రహిస్తున్నాను. చైత్రంలో కప్పు ఎండిన తరువాత నాచు ఊడ్చి, వేసవి పచ్చదనం ఉన్నదేమో పరీక్షించాలి. వైశాఖంలో కడిగి, బీటలు పూడ్చి, వాలు సరిచేసి, సున్నం గాని పూత గాని వేయించాలి. జ్యేష్ఠంలో, తొలకరికి ముందే, తూములు తీసి కొమ్మలు కత్తిరించాలి. ఆషాఢం మొదలుకొని కార్తికం వరకు పక్షానికి ఒకసారి తూములు చూచి, నీరు నిలిచే చోటులకు గుర్తు పెట్టుకోవాలి. మార్గశిరంలో పక్షుల మొలకలు తీయాలి. ఇందులో ఏ ఒక్క పనికీ పెద్ద ధనం అక్కరలేదు; తగిన ఋతువును గుర్తుంచుకోవడమే కావలసినది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ నెలలో ఒక ఉదయం మేడ ఎక్కి, నాలుగు బిందెల నీళ్లు పోసి, అవి పోయే దారిని చూచి రండి.